తీగ బాగానే ఉంది... వరుసతోనే తంటా!

ఆళ్లగడ్డలో ఉండే మా అవ్వకు ఆదివారం సాయంత్రమైతే పండగే. బెంగళూరు నుంచి మనవడు వీడియో కాల్ చేస్తాడు. ఆమెకు చెవులు సరిగా వినపడవు. వాడి పెదాల కదలిక చూసే మాట పట్టుకుంటుంది. ఆమధ్య వరసగా మూడు వారాలు బొమ్మ మధ్యలోనే బిగుసుకుపోయింది. ‘‘వాడేందో చెప్తాండాడు, నాకేం తెలీడంలే’’ అంటూ అవ్వ కళ్లనీళ్లు పెట్టుకుంది. నంద్యాల నుంచి మా చిన్నాన్న వెళ్లి ఇంకా పెద్ద ప్యాకేజీ వేయించాడు. బిల్లు పెరిగింది. బొమ్మ మాత్రం కదల్లేదు!

అసలు చిక్కు ఆళ్లగడ్డలో లేనేలేదు. బెంగళూరు గదిలో తమ్ముడి స్నేహితుడు సరిగ్గా అదే సమయానికి వారం రోజుల వీడియోలన్నీ ఇంటర్నెట్‌లోకి ఎక్కిస్తున్నాడు. వాటి వెనకాల తమ్ముడి కాల్ వరుసలో నిలబడిపోయిందన్నమాట.

ఫోన్, కంప్యూటర్, రౌటర్... అన్నిట్లోనూ ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది. దాని గుండెకాయే కెర్నెల్. మనం పంపే సమాచారాన్ని ప్యాకెట్లుగా విడగొట్టి, ఏది ఎప్పుడు పంపాలో చూసే పని దానిదే. ఆ పని తప్పితే ఎంత మంచి తీగ వేసినా లాభం లేదు. 1986 అక్టోబరులో అదే జరిగింది. అమెరికాలో బర్క్‌లీ యూనివర్సిటీకీ పక్కనున్న లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ మధ్య దూరం 400 గజాలే. సెకనుకు 32 వేల బిట్లు వెళ్లాల్సిన చోట 40 బిట్లకు పడిపోయింది! వాన్ జేకబ్‌సన్ అనే శాస్త్రవేత్త కారణం వెతికి, రద్దీని బట్టి ప్యాకెట్లు పంపే పద్ధతులు కనిపెట్టారు. 1988లో వాటిని వివరిస్తూ పరిశోధన పత్రం రాశారు.

ఆ జాగ్రత్త కొన్నేళ్లకు మరీ ఎక్కువైంది. నంద్యాల వ్యాపారి ఆళ్లగడ్డకు ముందు మూడు బస్తాలు పంపి, ‘అందాయి’ అని కబురొచ్చాకే మిగతావి పంపినట్టు... లినక్స్ కెర్నెల్ మొదటి విడతలో మూడు ప్యాకెట్లే పంపేది. తీగలు బాగుపడ్డాయి కదా, మొదటే పది పంపితే ఏం అని 2010లో గూగుల్ పరిశోధకులు వాదించారు. వాళ్ల పత్రంలో మొదటి పేరు నందితా దుక్కిపాటి. ఇంటిపేరు మనం ఎరిగిందే! జవాబులు వచ్చే సమయం సగటున పది శాతం దాకా తగ్గినట్టు వాళ్ల ప్రయోగాల్లో తేలింది. 2011లో లినక్స్ ఆ పదిని స్వీకరించింది.

ఇక తమ్ముడి గది సంగతి. కిరాణా కొట్లో నెల సరుకుల చీటీ పట్టుకున్న మనిషి వెనక అగ్గిపెట్టె కోసం వచ్చిన పిల్లాడు నిలబడ్డాడనుకోండి. తెలివైన శెట్టిగారు పప్పు తూచే మధ్యలో ఆ పిల్లాణ్ని పంపించేస్తాడు. అవతలి మనిషికి పెద్ద ఆలస్యమూ ఉండదు. 2012లో లినక్స్‌లో చేరిన ‘ఎఫ్‌క్యూ కోడెల్’ చేసేది అదే. ఒక్కో పనికి ఒక్కో వరుస కేటాయిస్తుంది. చిన్న వరుసల్ని త్వరగా వదులుతుంది. ఏ వరుసా మరీ పేరుకుపోకుండా చూస్తుంది.

ఈ సదుపాయం చాలా రౌటర్లలో ఉండదు. ఉన్నవాటిలో కొన్నింటిలో ‘ఎస్‌క్యూఎమ్’ పేరుతో కనిపిస్తుంది. దాన్ని ఆన్ చేసి, వేగాన్ని తీగ అసలు వేగం కన్నా కాస్త తక్కువకు పెట్టాలి. అప్పుడే వరుస రౌటర్ చేతిలో ఉంటుంది. అది లేకపోతే పెద్ద ఫైళ్లను అందరూ పడుకున్నాక పంపుకోవడమే మేలు. కాల్ ఆగిందని ప్యాకేజీ పెంచేముందు, రెండు ఇళ్లలోనూ ఆ సమయానికి ఎవరేం పంపుతున్నారో ఒక్కసారి అడగండి. దానికి పైసా ఖర్చుండదు.

తమ్ముడు రౌటర్ సరిచేసుకున్నాడు. ఆ ఆదివారం అవ్వ ‘‘అన్నం తింటివా నాయనా?’’ అని అడిగింది. వాడు ‘తిన్నా’ అన్నాడు. ఎవరూ చెప్పకుండానే అవ్వకు తెలిసింది.