పొగ చట్టంలో చివరి పేరా చదవండి

2003లో మేం కొలంబస్ వచ్చిన కొత్తలో, ఏ రెస్టారెంటుకి వెళ్ళినా గుమ్మంలో మొదటి ప్రశ్న "స్మోకింగా, నాన్ స్మోకింగా?" అనే. నాన్ స్మోకింగ్ అంటే వేరే గది అనుకునేరు. నడుమెత్తు చెక్క గోడకి ఇవతల వేసిన బల్ల, అంతే. పొగకి ఆ గోడ ఉన్నట్టే తెలీదు. మా అమ్మాయికి అప్పుడు నాలుగేళ్ళు, ఉబ్బసం. ఇన్‌హేలర్ జేబులో పెట్టుకుని భోజనానికి వెళ్ళేవాళ్ళం. సగం తిని లేచి వచ్చేసిన రోజులు చాలానే ఉన్నాయి.

ముందే ఒక మాట ఒప్పుకోవాలి. నేను పొగాకు డబ్బుతో చదువుకున్నవాణ్ణి. మాది ప్రకాశం జిల్లా. మా నాన్న వర్జీనియా పొగాకు వేసేవాడు. బ్యారన్ దగ్గర మంట చూసుకుంటూ ఆయన రాత్రంతా మేలుకుంటే, ఆ ఆకు అమ్మిన డబ్బుతో నా ఇంజనీరింగు గడిచింది. కాబట్టి సిగరెట్టు తాగేవాళ్ళకి నీతులు చెప్పే అర్హత నాకు లేదు, చెప్పను కూడా. నేను చెప్పేది చట్టాల గురించి.

2004లో కొలంబస్ నగర కౌన్సిల్, బార్లు రెస్టారెంట్లతో సహా పని చేసే చోట్ల పొగ తాగకూడదని చట్టం చేసింది. గిట్టనివాళ్ళు సంతకాలు సేకరించి దాన్ని ఓటుకి పెట్టించారు. నవంబరు ఎన్నికల్లో జనం చట్టాన్నే నిలబెట్టారు. నాకు ఓటు లేదు, హెచ్-1 మీద ఉన్నాను. కానీ కౌన్సిల్లో మాట్లాడటానికి ఓటు అక్కర్లేదు. చీటీ మీద పేరు రాసిస్తే మూడు నిమిషాలు ఇస్తారు. మా అమ్మాయి సంగతి చెప్పాను. నా పేరు రెండుసార్లు తప్పు పలికారు గానీ, శ్రద్ధగా విన్నారు. ఈ దేశంలో ప్రభుత్వం అనేది నా మాట విన్నది అదే మొదటిసారి.

రెండేళ్ళు తిరక్కుండానే అసలు కథ మొదలైంది. 2006 నవంబరు బ్యాలట్ మీద ఒహాయోలో పొగ గురించి ఒకటి కాదు, రెండు ప్రతిపాదనలు వచ్చాయి. అయిదో నెంబరుది నిజమైన నిషేధం. నాలుగో నెంబరుది చూడటానికి దాని తమ్ముడిలా ఉంది. దాన్ని పెట్టినవాళ్ళు తమ ప్రచారానికి 'స్మోక్ లెస్ ఒహాయో' అని పేరు పెట్టుకున్నారు. డబ్బు పెట్టింది మాత్రం ఆర్.జె. రేనాల్డ్స్ సిగరెట్ల కంపెనీ! అందులో బార్లకి మినహాయింపు, బౌలింగ్ ఆలీలకి మినహాయింపు. పైగా అది రాష్ట్ర రాజ్యాంగానికి సవరణ. అంటే కొలంబస్ లాంటి ఊళ్ళు అప్పటికే చేసుకున్న గట్టి చట్టాలన్నీ దాని కింద రద్దు.

అప్పుడు మా నాన్న మా ఇంట్లోనే ఉన్నాడు. ఈ రెండు నెంబర్ల గోల ఆయనకి విప్పి చెప్పాను. అంతా విని, "ఇందులో అర్థం కానిదేముందిరా? వేలంలో కొనేవాడి తెలివే ఇది. ఊరూరా తిరిగి వందమంది రైతులతో బేరమాడటం కంటే పైన ఒక్కణ్ణి పట్టుకుంటే తేలిక. మీ ఊరి పెద్దలు వాడికి దొరకలేదు, అందుకని పైకెళ్ళాడు" అన్నాడు.

ఆ మాటే కాస్త ముందుగా విక్టర్ క్రాఫర్డ్ ఒప్పుకున్నాడు. మేరీలాండ్ రాష్ట్ర సెనేటర్‌గా చేసి, తర్వాత పొగాకు కంపెనీల తరఫున లాబీయింగ్ చేసిన మనిషి. గొంతు క్యాన్సర్ వచ్చాక, 1995లో బయటికొచ్చి కంపెనీల ఎత్తుగడలన్నీ చెప్పాడు. ఊళ్ళ స్థాయిలో గెలవలేమనీ, అందుకే రాష్ట్ర రాజధానిలో పట్టు బిగించేవాళ్ళమనీ ఆయన చెప్పినదాని సారాంశం. మరుసటి ఏడాదే పోయాడు. కాలిఫోర్నియాలో 1994లో ఫిలిప్ మోరిస్ నడిపించిన 188వ ప్రతిపాదన కూడా ఇదే బాపతు. జనం నూటికి 70 మంది కాదన్నారు. ఇక్కడ ఒహాయోలోనూ నాలుగో నెంబరు ఓడిపోయింది, అయిదోది నూటికి 58 ఓట్లతో గెలిచింది.

అన్నిచోట్లా ఇలా జరగలేదు. మేం ఏటా ఒకసారైనా పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్తాం. ఆ ఊరున్న అలెగెనీ కౌంటీ 2006లో పొగ నిషేధం తెస్తే, పెన్సిల్వేనియా రాష్ట్రం 1988లో చేసిన చట్టం అడ్డమని 2007లో కోర్టు కొట్టేసింది. 2008లో రాష్ట్రం కొత్త చట్టం చేసింది. తిండి అమ్మకాలు అయిదో వంతు మించని బార్లలోనూ, క్యాసినోల్లో కొంత భాగంలోనూ పొగ తాగనిచ్చింది. సరే, రాజీ పడ్డారనుకుందాం. కానీ ఫిలడెల్ఫియా తప్ప ఏ ఊరూ అంతకంటే గట్టిగా వెళ్ళకూడదని కూడా అందులోనే రాశారు. ఆ క్యాసినోలో పేకముక్కలు పంచే ఉద్యోగి ఎవరితో మొరపెట్టుకోవాలి? ఊరి కౌన్సిల్ చేతులు కట్టేశారు కదా. పక్కవాడి సిగరెట్టు పొగలో ఇంతవరకైతే ప్రమాదం లేదు అనే మోతాదే లేదని 2006లో అమెరికా సర్జన్ జనరల్ నివేదిక చెప్పింది. ఆ మాట తెలిసిన తర్వాత చేసిన చట్టమే ఇది.

మనవాళ్ళలో గ్యాస్ స్టేషన్లు, హోటళ్ళు నడిపే మిత్రులు "ఊరికో రూలైతే వ్యాపారం ఎలాగండీ, రాష్ట్రమంతా ఒకటే ఉంటే హాయి కదా" అంటారు. వాళ్ళ ఇబ్బంది నిజమే, కాదనను. కనీసం ఇంత ఉండాలని రాష్ట్రం చెప్తే నాకు అభ్యంతరం లేదు. ఇంతకు మించి వద్దు అన్నప్పుడే పేచీ. కేంద్రం 2003లో చేసిన పొగాకు చట్టాన్ని తెలంగాణ 2024లో సవరించి హుక్కా పార్లర్లని నిషేధించింది. కింది ప్రభుత్వం ఒక అడుగు ముందుకు వెయ్యడం మనకి వింతేమీ కాదు.

ఇదంతా పాత కథ అనుకునేవాళ్ళకి మొన్నటి సంగతి. 2022 డిసెంబరులో కొలంబస్ కౌన్సిల్ ఫ్లేవర్లు కలిపిన పొగాకు సరుకుల అమ్మకాన్ని నిషేధించింది. కొద్ది రోజుల్లోనే రాష్ట్ర శాసనసభ, పొగాకు పన్నుకి సంబంధించిన ఒక బిల్లులో నాలుగు మాటలు ఇరికించి, ఊళ్ళకి ఆ అధికారమే లేదంది. గవర్నర్ డివైన్ వీటో చేశారు. 2023లో అదే సంగతిని బడ్జెట్ బిల్లులో పెట్టారు. మళ్ళీ వీటో. 2024 జనవరికి ఆ వీటోని ఉభయ సభలూ తోసిపుచ్చాయి. కొలంబస్, సిన్సినాటీ సహా పలు నగరాలు కోర్టుకెళ్ళాయి. ఒహాయో రాజ్యాంగంలో 1912 నుంచి ఊళ్ళకున్న స్వపరిపాలన హక్కు వాళ్ళ ఆయుధం. 2024లోనే ఫ్రాంక్లిన్ కౌంటీ జడ్జి నగరాల పక్షాన తీర్పిస్తే, రాష్ట్రం పై కోర్టుకి వెళ్ళింది.

బడ్జెట్ బిల్లులో పొగాకు సంగతి ఉంటుందని ఎవరు వెతుకుతారు? వీసా బులెటిన్ ప్రతి నెలా అక్షరం వదలకుండా చదువుతాం. హైదరాబాదు, అమరావతి శాసనసభల్లో ఎవరు ఎవర్ని తిట్టారో మర్నాటికల్లా మనకి తెలుసు. మనం పన్ను కట్టే రాష్ట్రంలో శాసనసభ ఎప్పుడు కూర్చుంటుందో మాత్రం తెలీదు. నాకూ తెలిసేది కాదు లెండి.

ఇప్పుడు నాకు ఓటుంది. శాసనసభ సైటులో పొగాకు మాట ఉన్న బిల్లులన్నీ ఒక జాబితా చేసుకుని, సెషన్ నడిచినన్నాళ్ళూ వారానికోసారి చూస్తాను. ముందు పేజీలు తర్వాత. మొదట చివరి పేరాల్లో మునిసిపాలిటీ, కౌంటీ అన్న మాటలు ఎక్కడున్నాయో వెతుకుతాను. వాటి పక్కన 'చెయ్యరాదు' అని కనిపిస్తే, పైన ఎంత మంచి మాటలున్నా నా సెనేటర్‌కి ఆ రోజే ఉత్తరం రాస్తాను. మీ రాష్ట్రంలో అలాంటి బిల్లేదైనా కమిటీ ముందుంటే నెంబరు పంపించండి, కూర్చుని చదువుదాం.