చమురు తాగే దూదికి బేరమెంత?

ఆలంపూర్: కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డలో చివరి ఏరుడు పత్తి మార్కెట్టుకు వచ్చేసరికి కొనుగోలుదార్ల ముఖం మారుతుంది. కాయ పక్వానికి రాక, పోగు పలచబడి, మైక్రోనేర్ 3.5కు దిగువన పడిన దూదిని నూలు మిల్లులు ఇష్టపడవు. నూలులో ముడులు పడతాయి, రంగు సమంగా ఎక్కదు. ధరలో కోత తప్పదు.

సముద్రంపై ఒలికిన చమురును పీల్చే గుణం ఆ సరుకుకే మెండని టెక్సాస్ టెక్ విశ్వవిద్యాలయంలో శేషాద్రి రామ్‌కుమార్ బృందం 2013లో వెల్లడించింది. తన బరువుకు 30 రెట్లకు పైగా ముడి చమురును అది పట్టుకున్నదట. ఇందులో వింతేమీ లేదు. శుద్ధి చేయని దూదిపై సహజమైన మైనం వుంటుంది. అది నీటిని దూరంగా వుంచి నూనెను అంటించుకుంటుంది. పోగు సన్నమైతే నూనె అంటే ఉపరితలమూ ఎక్కువే. ఆసుపత్రి దూది ఇందుకు పనికిరాదు. మైనం తీసేశారు గనుక అది ముందు నీళ్ళే తాగుతుంది.

170 కిలోల బేలుకు లెక్క కడితే 5 టన్నులు దాటుతుంది. ఈ లెక్క చూసి ఖండీ ధర పెంచబోయే వర్తకుడు కాస్త ఆగడం మేలు. 2017 జనవరి 28న ఎన్నూరు వద్ద రెండు ఓడలు ఢీకొన్నప్పుడు ఒడ్డుకు చేరిన చిక్కటి మడ్డిని మనుషులు బక్కెట్లతో తోడవలసి వచ్చింది. అంత చిక్కని మడ్డి దూదిలోకి సులువుగా చొరదు. పీల్చే సరుకుకు పని పడేది ఎక్కువగా పలుచని పొర వద్ద, చివరి తుడుపులోనే. విడి దూది చల్లితే తిరిగి ఏరడం మరో తద్దినం; వలసంచుల్లో కూరాలి, లేదా చాపగా చేయాలి. తడిసిన దూదిని పారవేసే ఖర్చు వేరే.

పైగా ఓడ ప్రమాదాలకు సీజను లేదు. ఏటా ఇన్ని బేళ్ళని ఒప్పందం రాసేవారూ దొరకరు. ఈ రంగంలో పాలీప్రొపిలీన్ చాపలదే పైచేయి. వాటి నాణ్యత ఒకే తీరు, గోదాములో బూజు పట్టవు.

నిలకడైన గిరాకీ వుంటే నేల మీదనే వుండాలి: రిఫైనరీలు, రేవులు, ట్రాన్స్‌ఫార్మర్ల షెడ్లు, లారీ గ్యారేజీలు. అందుకు జిన్నింగు మిల్లులు తక్కువ మైక్రోనేర్ సరుకును కలిపేయక విడిగా బేళ్ళు కట్టాలి. తూకం కోసం నీళ్ళు చల్లే అలవాటున్న చోట ఈ మాట ఎత్తకపోవడమే మంచిది. ముంబయిలోని పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ వంటి చోట నమూనాలు పరీక్షించి, ఏ నూనెను ఎంత పీల్చిందో కాగితం చేతపట్టుకున్న వర్తకుడే పై ధర అడగగలడు. ఆ కాగితం లేనివాడికి పాత కోతే.