గొడుగు చాటు గుత్తాధిపత్యం

ఊరికే ఇస్తామంటే వద్దనేవారు తక్కువ. ఆ 'ఊరికే' వెనక ఏముందని ఆరా తీసేవారు ఇంకా తక్కువ. కోయంబత్తూరు జైలులో గానుగ లాగిన వకీలు వ.ఉ.చిదంబరం పిళ్లై జీవితం ఈ సంగతినే గుర్తుచేస్తుంది.

తూత్తుకుడి-కొలంబో ఓడల వ్యాపారం ఒకప్పుడు బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ గుప్పిట్లో ఉండేది. దాన్ని ఎదిరించి 1906లో చిదంబరం పిళ్లై పది లక్షల రూపాయల మూలధనంతో స్వదేశీ ఓడల కంపెనీ పెట్టారు. ఒక్కో వాటా పాతిక రూపాయలు. మదురైలో తమిళ సంఘం స్థాపించిన పాండిత్తురై తేవర్ అండగా నిలిచారు. తెల్లవారి కంపెనీ టిక్కెట్టును రూపాయికి దించితే స్వదేశీవారు అర్ధరూపాయికే ఎక్కించుకున్నారు. చివరకు ఉచిత ప్రయాణం, పైగా చేతికో గొడుగు! 1908లో రాజద్రోహం కేసులో శిక్షపడి పిళ్లై వకీలు పట్టా పోయింది. 1911కల్లా కంపెనీ మూతపడింది. విడుదలయ్యాక వాలెస్ అనే న్యాయమూర్తి చలవతో పట్టా తిరిగొచ్చింది గానీ, ఓడలు రాలేదు.

ఆనాడు ఆయన చేతిలో లేని ఆయుధం ఈనాడు ఉంది. ఆధిపత్యంలో ఉన్న సంస్థ పోటీదారును దెబ్బతీయడానికి ఖర్చుకన్నా తక్కువకు అమ్మితే 2002 నాటి పోటీ చట్టం నాలుగో సెక్షన్ ఒప్పుకోదు. కరెన్సీ డెరివేటివ్స్‌లో రుసుము వసూలు చేయనందుకు 2011లో కాంపిటీషన్ కమిషన్ నేషనల్ స్టాక్ ఎక్స్చేంజికి 55.5 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఉచితం కూడా అన్యాయమైన ధరే కావచ్చన్నది దాని సారాంశం. అయితే ఒక మెలిక ఉంది. ఆధిపత్యం రుజువైతేనే ఈ సెక్షన్ పనిచేస్తుంది. 2017లో జియోపై ఎయిర్‌టెల్ ఫిర్యాదు వీగిపోయింది ఇక్కడే. కొత్తగా దిగి డబ్బు గుమ్మరించేవారికి ఇది సందు కాదా? ఈ సందును పూడ్చాల్సింది పార్లమెంటే.

కోయంబత్తూరు తెలుగువారికి ఇది పరాయి గొడవ కాదు. 1937లోనే విద్యుత్ మోటారు తయారుచేసి చూపిన జి.డి.నాయుడు ఊరది. పంపుల వర్క్‌షాపులు, మిల్లులు అక్కడ ఎన్నో కుటుంబాలకు కూడుపెడుతున్నాయి. మదురైలో చిన్న కొట్లతో బతికే తెలుగు కుటుంబాలదీ ఇదే పరిస్థితి. నష్టానికి అమ్మగల పెద్ద సంస్థతో వీరు ఎన్నాళ్లు నెగ్గుకురాగలరు? షట్టరు ఒకసారి దిగాక పనివాళ్లు చెదిరిపోతారు, తర్వాత ధర పెరిగినా అడిగే దిక్కుండదు.

కమిషన్‌కు ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు, వ్యాపార సంఘాలూ చేయవచ్చు. 2023 సవరణ ప్రకారం మూడేళ్లలోపు చేయాలి. బిల్లులు, ధరల పట్టీలు ఇప్పట్నుంచే దాచుకోవాలి. అలాగని సంఘమే కూర్చుని ధర కట్టేస్తే అదీ చట్టవిరుద్ధమే. పెద్ద కొనుగోలుదారు అలుగుతాడని సంఘాలు నోరు మెదపకపోతే చట్టం పుస్తకంలోనే ఉంటుంది. పిళ్లైకి చట్టం తోడు లేదు, అయినా పోరాడారు. చట్టం ఉండీ ఊరుకోవడం తగునా?