ఖురాను పంక్తుల క్రింద పారసీకము

ఖురాను వ్యాఖ్యానమును పారసీకమున వ్రాయవచ్చునా యని సామానీ ప్రభువు మన్సూర్ బిన్ నూహ్ (961-976) మధ్య ఆసియా పండితులను ప్రశ్నించెను. అరబ్బీ నెరుగనివారికై వ్రాయవచ్చునని, ఖురానునే ప్రమాణముగ జూపి, వారు తీర్పు చెప్పిరి.

నాటి ప్రాచీన ప్రతులలో అరబ్బీ పంక్తుల క్రింద, మన ప్రతిపదటీకవలె, సన్నని యక్షరములతో పారసీకార్థములు గలవు. మష్హద్ నగరమున లభించిన ‘ఖురానె ఖుద్స్’ అట్టిదే. కావ్యములయందు కానరాని సీస్తాను ప్రాంతపు నుడులు అందు నిలిచియున్నవి. ఆస్థానకవులు విడిచిన జనుల మాటను మతగ్రంథము కాపాడుట వింతయే!

ఇట్టి ప్రాచీన గ్రంథములను పత్రములుగ విడదీసి విక్రయించు వర్తకులకు బంగారు పూతయే ప్రధానము. దాత పేరును, సంవత్సరమును దెలుపు పత్రమొక దేశమునకు, అర్థములుగల పత్రము వేరొక దేశమునకు పోయినచో, ఆ వ్రాతకు ఊరెక్కడిది? కాలమెక్కడిది? గ్రంథాలయముల పట్టికలలో మూలముతోబాటు ఈ చేవ్రాతలనుగూడ అక్షరమక్షరము చేర్చవలెనని మేము కోరుచున్నాము.