పాలకు పద్దు ఉంది, పనిమనిషికి లేదు

డి.ఏ. బకాయి ఒక వాయిదా ఆలస్యమైతే మన స్టాఫ్‌రూములు వేడెక్కుతాయి. స్కాలర్‌షిప్పులు రాకపోతే యూనియన్ జెండా గేటు దగ్గరకు వస్తుంది. రెండూ న్యాయమే, కాదనను. కానీ మిత్రులారా, తెల్లవారేసరికి మన ఇళ్లలో అంట్లు తోమి వెళ్లే మనిషి జీతం సంగతి ఏ జెండా కింద మాట్లాడుకున్నాం?

పాలకు పద్దు రాస్తాం. ఇస్త్రీ బట్టలకూ రాస్తాం. పనిమనిషి విషయంలో మనం రాసేది ఒక్కటే, ఆమె నాగాలు! క్యాలెండరులో సున్నాలు చుట్టి మరీ గుర్తుంచుకుంటాం. ఎప్పుడు చేరింది, ఎంత జీతానికి చేరింది, ఎప్పుడు పెంచాం అన్నవి ఎక్కడా ఉండవు. ఇరవై ఏళ్లు చాకిరీ చేసినా, చేసిందనడానికి కాగితం ముక్క ఉండదు.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇంటిపనిని 2007లోనే కనీస వేతనాల జాబితాలో చేర్చారు. ఆ రేటెంతో తెలిసిన ఇల్లు నాకింతవరకు కనబడలేదు. పి.ఎఫ్. 20 మంది, ఇ.ఎస్.ఐ. 10 మంది పనిచేసే చోటికి వర్తిస్తాయి. ఒక్క మనిషి పనిచేసే ఇల్లు వాటి లెక్కలోకి రాదు. నాలుగిళ్లలో పనిచేసే ఆమెకు ఒక్క యజమానీ లేనట్టే!

అమెరికాలో ఉన్న మన పూర్వ విద్యార్థులకు వేరే పద్ధతి తెలుసు. అక్కడ 1951 నుంచే ఇంటి పనివారికి సోషల్ సెక్యూరిటీ ఉంది. పిల్లను చూసుకోవడానికి ఒక్క ఆయాను పెట్టుకున్నా, ఏడాది జీతం నిర్ణీత మొత్తం దాటితే యజమాని తన వంతు 7.65 శాతం కట్టాలి. ఆయా వంతు కూడా అంతే. అనుమతి పత్రాలు లేని దంపతులను పనిలో పెట్టుకుని, ఈ పన్ను కట్టలేదని బయటపడి, 1993లో క్లింటన్ అటార్నీ జనరల్‌గా ఎంపిక చేసిన జో బెయిర్డ్ తప్పుకోవలసి వచ్చింది. అక్కడ ఆయాకు లెక్క కట్టే మనవాళ్లు, ఇక్కడ తమ అమ్మానాన్నలను చూసుకునే మనిషికి ఎందుకు కట్టకూడదు?

"లెక్కలొద్దమ్మా, నెలకింతని చేతిలో పెట్టండి చాలు అని ఆవిడే అంటుందండీ" అంటారు కొందరు. నిజమే. పూట గడవడమే కష్టమైన మనిషికి ముసలితనం దూరంగానే కనిపిస్తుంది. అందుకే ఆమె జీతంలో కోయవద్దు, మనమే కడదాం. 2019లో వచ్చిన ప్రధానమంత్రి శ్రమయోగి మాన్‌ధన్ పథకంలో 18 నుంచి 40 ఏళ్ల లోపు, నెలకు 15,000 మించని ఆదాయం ఉన్నవారు చేరవచ్చు. వయసును బట్టి నెలకు 55 నుంచి 200 రూపాయలు కడితే ప్రభుత్వమూ అంతే కలుపుతుంది. 60 దాటాక నెలకు 3,000 పింఛను. 200 కట్టవలసిన మనిషికి నాలుగిళ్లవారూ పంచుకుంటే ఇంటికి పడేది 50 రూపాయలు. వయసు దాటినవారి పేర పోస్టాఫీసులో రికరింగ్ డిపాజిట్ కట్టవచ్చు.

యూనియన్‌కు నా సూచన ఒక్కటే. చేరిన తేదీ, జీతం, నెలకు జీతంతో సెలవులు, ఏటా పెంపు, ఇద్దరి సంతకాలు ఉండే చిన్న జీతపు పుస్తకం అచ్చు వేయించి ప్రతి విద్యార్థికీ, లెక్చరరుకూ ఇవ్వండి. పుస్తకం ఆమె దగ్గరే ఉండాలి. మన ఎన్నికల కరపత్రాల ఖర్చు ముందు ఇదెంత?