‘జొరం గావాల’ అంటే జ్వరం కావాలనా?

బదిలీ మీద శ్రీకాకుళం జిల్లాకు వచ్చిన ఉద్యోగి ఏ శాఖవాడైనా సరే, మొదటి నెలలో ఒక మాట అనకుండా ఉండడు. “ఇక్కడివాళ్ళు మాట్లాడేది తెలుగేగానీ ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు” అంటాడు. నవ్వుతూ అనేవారు కొందరు, విసుక్కుంటూ అనేవారు కొందరు. మనవాళ్ళు కూడా వారితో కలిసి నవ్వేస్తుంటారు. ఇది నవ్వి ఊరుకోదగిన సంగతేనా?

ముందు ఎందుకు అర్థం కాదో చూద్దాం. ‘యాస’ అని ఒక్క మాటతో తేల్చేస్తాంగానీ, అందులో చాలా సంగతులు కలిసి ఉన్నాయి. మన పల్లెల్లో ‘చ’ చాలాచోట్ల ‘స’ అవుతుంది. చేను సేను, చెప్పు సెప్పు. ఇది పెద్ద ఇబ్బంది కాదు. తెలుగునాట ఇంకా ఎన్నో పల్లెల్లో ఉన్నదే. ‘వెళ్ళాడు’ ఇక్కడ ‘ఎల్లినాడు’. ‘ళ’కారం ‘ల’కారంలో కలిసిపోతుంది. అందుచేత ముసలమ్మ వచ్చి “కల్లు మండతన్నాయి బావూ” అంటే, కొత్త డాక్టరుకు ముందుగా తాటిచెట్టే గుర్తుకొస్తుంది.

అసలు చిక్కు ‘లేదు’ దగ్గర ఉంది. మన పల్లెల్లో అది ‘నేదు’. “నాను సూడ్నేదు” అంటే ‘నేను చూడలేదు’ అని. మధ్యలో అచ్చు ఎగిరిపోయింది, ‘ల’ కాస్తా ‘న’ అయింది. పై జిల్లా మనిషి చెవి ‘లేదు’ కోసం ఎదురుచూస్తుంది, అది ఎంతకీ రాదు. తెలుగులో అవునా కాదా అన్నది క్రియ తోకలోనే తేలుతుంది. ఆ తోక చెవికి అందకపోతే ‘చూడటం’ అన్నది మాత్రమే మిగులుతుంది. చూశాడో చూడలేదో విన్నవారి ఊహకే వదిలేసినట్టు. పోలీసు స్టేషన్లోనో, కోర్టులోనో ఇలా జరిగితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

తెలియని మాట వస్తే మనిషి అడిగి తెలుసుకుంటాడు. ‘బేగి’ అంటే ఏమిటని అడిగితే త్వరగా అని చెబుతారు. ‘ఒగ్గీ’ అంటే వదిలెయ్యమని చెబుతారు. అంతటితో సరి. తెలిసినట్టే ఉండి వేరే అర్థమిచ్చే మాటలతోనే తంటా. ‘గుంట’ అంటే ఇతర జిల్లాలవారికి నేలలో గొయ్యి, మనకు ఆడపిల్ల. “గుంట పడిపోనాది” అని తల్లి ఏడుస్తూ వస్తే, ఏ గుంటలో పడిందని అడిగేవారుంటారు. ‘తొంగున్నాడు’ అంటే పడుకున్నాడని. “నిన్నట్నించి తొంగునే ఉన్నాడు” అన్నది వైద్యుడికి ఎంతో ముఖ్యమైన సమాచారం. పై జిల్లా వైద్యుడికి మాత్రం కిటికీలోంచి తొంగిచూడటం గుర్తొస్తుంది. ‘గావాల’ సంగతి మరీ విచిత్రం. “జొరం గావాల” అంటే ‘జ్వరం కాబోలు’ అని మనవారి ఉద్దేశం. వినేవారికి మాత్రం రోగి జ్వరం కావాలని కోరుతున్నట్టు ఉంటుంది.

వీటికి తోడు రాగం ఒకటి. మన మాట చివర కాస్త సాగుతుంది. మామూలుగా చెప్పిన మాట కూడా కొత్తవారికి ప్రశ్నలాగో, ఫిర్యాదులాగో వినిపిస్తుంది. కాగితం మీద మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉంటుందిగానీ నోట్లోంచి వచ్చేటప్పుడు ఉండదు. అంతా ఒకే ప్రవాహం. అందులో ఎక్కడ తెంపుకోవాలో అలవాటున్న చెవికే తెలుస్తుంది. అలవాటు లేనప్పుడు మనుషులు మరీ వేగంగా మాట్లాడుతున్నట్టు అనిపిస్తుంది. కన్నడమో, ఒడియానో కొత్తగా విన్నప్పుడు మనకు అనిపించేదీ అదే.

ఇంతవరకూ ఎవరి తప్పూ లేదు. కానీ ఒక సంగతి గమనించాలి. గుంటూరు నుంచో, విజయవాడ నుంచో వచ్చిన వారి మాట మన పల్లె రైతుకు అర్థమవుతూనే ఉంది. రైతు మాట వారికెందుకు అర్థం కాదు? రైతు చెవికి తరాలుగా తర్ఫీదు దొరికింది. బడి పుస్తకం ఆ భాషలో ఉంది. విజయవాడ రేడియో కేంద్రం 1948లో మొదలైంది, మన వైపున విశాఖ కేంద్రం వచ్చేసరికి 1963 అయింది. సినిమాలో నాయకుడు ఆ భాషే మాట్లాడాడు, పత్రికలూ దాదాపు ఆ భాషలోనే వచ్చాయి. మన మాట తెర మీద వినిపించినప్పుడు చాలావరకు అది నౌకరు పాత్ర నోటనో, నవ్వించే పాత్ర నోటనో వినిపించింది. 2020లో వచ్చిన ‘పలాస 1978’ వంటి చిత్రంలో కథ నడిపే మనుషులే ఈ మాట మాట్లాడితే, మనవాళ్ళకే అది వింతగా తోచింది. తెలంగాణవారు కూడా ఈ బాధ పడినవారే. వారు గట్టిగా అడిగారు, మనం నవ్వి ఊరుకున్నాం.

భాషా శాస్త్రవేత్తలు తెలుగును నాలుగు మండలాలుగా విభజించారు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి ఆధ్వర్యంలో ఊరూరా తిరిగి సేకరించిన వ్యవసాయ పదాల కోశం 1962లో అచ్చయింది. మన ప్రాంతానిది అందులో ఒక మండలం. అంటే మనది చెడిపోయిన తెలుగు కాదు, తెలుగులో ఒక పాలు. తమాషా ఏమిటంటే, వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో పుట్టింది ఈ జిల్లాలోని పర్వతాలపేటలోనే. గురజాడవారిది పక్కనున్న విజయనగరం. ఉద్యమం ఇక్కడ పుట్టింది, ప్రామాణికం అన్న పేరు మధ్య జిల్లాల భాషకు దక్కింది!

ఆ ఉద్యమం మొదలు కావడానికి ఒక పైవాడే కారణమని చాలామందికి తెలియదు. 1907 ప్రాంతంలో పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా ఈ వైపు వచ్చిన యేట్స్ అనే ఇంగ్లీషు దొర తెలుగు నేర్చుకున్నాడు. పుస్తకంలోని తెలుగుకూ జనం నోటి తెలుగుకూ పొంతన లేదని గమనించాడు. జనం తప్పుగా మాట్లాడుతున్నారని కోప్పడకుండా, పుస్తకం ఎందుకిలా ఉందని గురజాడ, గిడుగు వంటి వారిని అడిగాడు. ఇవాళ బదిలీ మీద వచ్చేవారిలో ఆ మాత్రం అడిగేవారు ఎంతమంది?

అడగాల్సిన అవసరం ఆస్పత్రిలో అన్నిటికంటే ఎక్కువ. ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి తెలిసిందే. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో ఎన్నో కుటుంబాలను కుంగదీసింది. మొదట్లో నొప్పి తెలియనివ్వని జబ్బు అది. కాళ్ళు ఎప్పుడు పొంగాయి, ఆకలి ఎన్నాళ్ళుగా లేదు, ఒళ్ళు నొప్పులకు ఏ మాత్రలు మింగారు అన్నవి రోగి నోటినుంచే రావాలి. “సంకురేత్రి కాడ్నించి తిండి ఒంట పట్నేదు” అని ఆమె చెబుతుంది. “సరిగ్గా చెప్పమ్మా” అని అవతలివారు కసురుకుంటారు. రెండోసారి ఆమె సగం చెబుతుంది. మూడోసారి తలూపుతుంది. తెచ్చిన కాగితాలు చూసి మందు రాసిస్తారు. ఇలాంటి సందర్భాల్లో ఆదుకుంటున్నది ఆయాలూ, నర్సులే. వారు చెప్పే తర్జుమాకు జీతం లేదు, గుర్తింపూ లేదు.

కోర్టుల్లో సాక్ష్యం రాశాక సాక్షికి చదివి వినిపించాలని చట్టం చెబుతోంది. చదివింది సాక్షికి అర్థమయ్యే మాటలో ఉందా అన్నది కూడా చూడాలి కదా. బడిలో పిల్లవాడు ‘సేను’ అని రాస్తే దిద్దవలసిందే. కానీ ‘సేను’ అన్నందుకు తరగతంతా నవ్వితే, వాడు మర్నాటినుంచి నోరు విప్పడు.

మనవైపు కూడా ఒక మాట అనుకోవాలి. కొండ మీదనుంచి దిగివచ్చే సవరల పట్ల మనం చేస్తున్నది ఏమిటి? సంతలో వారి తెలుగు విని నవ్వేది మనమే. గిడుగువారు సవరను ఇంట్లో పెట్టుకుని మరీ ఆ భాష నేర్చుకున్నారు, 1931లో దానికి వ్యాకరణం అచ్చు వేయించారు. సీతంపేట 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళిపోయినా సవరలు మన సంతలకూ, ఆస్పత్రులకూ వస్తూనే ఉన్నారు. వారికి మన మాటే పై జిల్లా మాట.

చేయదగ్గది పెద్ద ఖర్చుతో కూడిన పనేమీ కాదు. కొత్తగా చేరే వైద్యులకు, పోలీసులకు, ఉపాధ్యాయులకు ఒక చిన్న పుస్తకం ఇవ్వాలి. శరీర భాగాలు, జబ్బులు, కాలం, చుట్టరికాలు, ‘నేదు’లూ ‘గావాల’లూ కలిపి రెండు మూడు వందల మాటలుంటే చాలు. దాంతోపాటు మొదటి వారం అనుభవమున్న నర్సు పక్కన కూర్చునే ఏర్పాటు చేయాలి. వినగా వినగా చెవి తొందరగానే అలవాటు పడుతుంది. ఏళ్ళ తరబడి ఇక్కడ పనిచేసి, వెళ్ళేటప్పుడు ‘ఏటి బావూ’ అని పలకరించి మరీ వెళ్ళిన అధికారులు మనకు తెలుసు. పుస్తకం రాయడానికి పండితులు అక్కర్లేదు. ప్రతి మండల ఆస్పత్రి నుంచి ఒక ఆయానూ, ఒక ఆశా కార్యకర్తనూ పిలిచి, రెండు రోజులు కూర్చోబెట్టి చెప్పించుకుని రాసుకుంటే సరిపోతుంది. రాసే గుమాస్తా మాత్రం ఈ జిల్లావాడై ఉండాలి.