పేటెంటును ఓడించిన పాత బ్రౌజరు

వెబ్ పేజీ తెరిస్తే అందులోనే వీడియో ఆడుతుంది. మ్యాపును అటూ ఇటూ జరపొచ్చు. పిల్లల ఆటలూ అక్కడే! ఇదంతా మనకిప్పుడు మామూలే. కానీ 'ఆ కిటుకు మాది, వాడుకున్నవాళ్లంతా డబ్బు కట్టాల్సిందే' అంటూ అమెరికాలో ఓ బుల్లి కంపెనీ ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడింది. దాని పేరు ఇయోలాస్. ఐరిష్ భాషలో ఆ మాటకు 'జ్ఞానం' అని అర్థం.

1993 నాటికి వెబ్ పేజీ అంటే అక్షరాలు, నాలుగు బొమ్మలు. అంతే! అంతకుమించి ఏం చూడాలన్నా మరో ప్రోగ్రామ్ వేరే కిటికీలో తెరుచుకునేది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మైకేల్ డోయల్ బృందం ఈ ఇబ్బందిని తీర్చాలనుకుంది. తల్లి కడుపులోని పిండం త్రీడీ చిత్రాలను పేజీలోనే తిప్పి చూసే ఏర్పాటు చేసింది. 1994లో ఆ పద్ధతికి పేటెంటు కోరారు. అదే ఏడాది డోయల్ ఇయోలాస్‌ను స్థాపించాడు. 1998 నవంబరులో పేటెంటు వచ్చింది. హక్కు విశ్వవిద్యాలయానిది, లైసెన్సు ఇయోలాస్‌ది.

మరుసటి ఏడాదే ఆ కంపెనీ ఏకంగా మైక్రోసాఫ్ట్ మీద దావా వేసింది. 2003 ఆగస్టులో షికాగో జ్యూరీ తీర్పు చెప్పింది. అమ్మిన ప్రతి విండోస్ కాపీకీ 1.47 డాలర్ల చొప్పున మొత్తం 52 కోట్ల డాలర్లు కట్టమంది. చీమ కుడితే ఏనుగు కూలబడినంత పనైంది!

'పెద్ద కంపెనీకి బాగా బుద్ధి చెప్పారు' అని సంబరపడ్డవాళ్లున్నారు. కానీ అసలు చిక్కు వేరే ఉంది. పేటెంటు నిలిస్తే రేపు ప్రతి వెబ్‌సైటూ కప్పం కట్టాల్సిందే. పైసా తీసుకోకుండా వెబ్‌ను ప్రపంచానికి ఇచ్చిన టిమ్ బెర్నర్స్ లీ అందుకే ఆందోళన చెందాడు. పేటెంటును మళ్లీ పరిశీలించమని అమెరికా పేటెంటు కార్యాలయానికి లేఖ రాశాడు. పరిశీలించారు కానీ, 2005లో పేటెంటు సరైనదేనన్నారు. 2006లో మైక్రోసాఫ్ట్ తన బ్రౌజరునే మార్చుకుంది. దాంతో పేజీలోని ఆటో వీడియోనో పనిచేయాలంటే ముందు దానిమీద ఓసారి క్లిక్ చేయాల్సి వచ్చేది. ఆ అదనపు క్లిక్కు వెనక ఇంత కథ ఉందని చాలామందికి తెలీదు!

ఇక్కడే వయోలా కథలోకి వస్తుంది. పెయ్ యువాన్ వేయ్ అనే కుర్రాడు బర్క్‌లీలో చదువుకుంటూ మొదలుపెట్టిన బ్రౌజరది. పేజీలోనే చిన్న ప్రోగ్రాములు నడిపే సౌకర్యం అందులో ఉంది. 1993 మేలోనే దాన్ని సన్ మైక్రోసిస్టమ్స్ ఇంజినీర్లకు నడిపి చూపించాడు. అంతకుముందే జనానికి తెలిసిన దానికి పేటెంటు చెల్లదన్నది మూలసూత్రం. అయినా షికాగో విచారణలో జడ్జి ఈ సాక్ష్యాన్ని జ్యూరీ ముందుకు రానివ్వలేదు. అలా చేయడం తప్పని 2005లో అప్పీలు కోర్టు చెప్పింది. ఈలోగా 2007లో మైక్రోసాఫ్ట్ రాజీ పడిపోయింది. వయోలా సంగతి తేలనే లేదు.

ఇయోలాస్ 2009లో మరో పేటెంటు సంపాదించి, ఇరవైకి పైగా కంపెనీలమీద దావా వేసింది. కొన్ని రాజీపడ్డాయి. గూగుల్, అమెజాన్, యాహూ లాంటివి పోరాడాయి. 2012 ఫిబ్రవరిలో టెక్సస్‌లోని టైలర్ పట్టణంలో విచారణ జరిగింది. బెర్నర్స్ లీ స్వయంగా బోనెక్కాడు. వేయ్ కూడా వచ్చి తన వయోలా గురించి చెప్పాడు. ఈసారి జ్యూరీ అంతా విన్నది. పేటెంట్లు చెల్లవని తేల్చేసింది! 2013లో అప్పీలు కోర్టూ ఔనంది.

డోయల్ బృందం పని చేయలేదని కాదు. వాళ్లూ కష్టపడ్డారు, చేసి చూపించారు. అయితే అంతకుముందే మరొకరు అదే దారిలో నడిచారు. ఆ నడిచినవాడు పేటెంటు అడగలేదు, అంతే తేడా!

మన దేశంలో ఉత్త కంప్యూటర్ ప్రోగ్రామ్‌కి పేటెంటు ఇవ్వరు. పేటెంట్ల చట్టం 3(కె) సెక్షను అందుకు ఒప్పుకోదు. ఈ పట్టు సడలించాలని 2004 చివర్లో ఆర్డినెన్సు తెచ్చినా, 2005లో పార్లమెంటు ఆ మార్పును పక్కన పెట్టేసింది. ఇంట్లో సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లుంటే వయోలా కథ చెప్పండి. కొత్తగా ఏది చేసినా తేదీ వేసి దాచుకోమనండి, నలుగురికీ చూపించమనండి. ఇరవై ఏళ్ల తర్వాతైనా అదే సాక్ష్యం కావచ్చు!